గేమ్స్ పీరియడ్ ఏమైంది?

మా టెన్త్ టైంటేబుల్‌లో గేమ్స్ పీరియడ్ ఉంది, పేరుకి. పీఈటీ సార్ మెడలో విజిల్‌తో గుమ్మం దాకా వస్తారు. అప్పటికే మ్యాథ్స్ సార్ బోర్డు మీద త్రికోణమితి మొదలెట్టేసి ఉంటారు. "సిలబస్ అవ్వలేదు సార్, ఈ ఒక్కరోజు వదిలేయండి!" ఆ ఒక్కరోజు జూన్ నుంచీ నడుస్తోంది.

వదిలినా ఆడేదెక్కడ? హైదరాబాద్‌లో నాలుగంతస్తుల బడి మాది. సెల్లార్ నిండా బస్సులు, టెర్రస్‌కి తాళం. లంచ్ బెల్ కొట్టాక కారిడార్‌లోనే క్రికెట్: పరీక్ష అట్ట బ్యాటు, రబ్బరుబ్యాండ్లు చుట్టిన కాగితం ఉండ బంతి. మెట్ల మీదికి దొర్లితే ఔట్.

బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. సంవత్సరం అడిగితే క్లాసంతా టక్కున చెప్తాం, బట్టీ పట్టాం కదా!

పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లే అమ్మానాన్నలూ, మార్కులతో పాటు గేమ్స్ పీరియడ్ సంగతి కూడా కాస్త అడగండి.