మునగకముందు వేసే కేక



మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు పడవ అంటే పుట్టి. కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల నుంచి తుంగభద్ర దాటి రాయచూరు వైపు చుట్టాల ఊళ్లకు పోవడానికి వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పుట్టి ఎక్కేవాళ్లున్నారు. అందులో వైర్‌లెస్సు ఉండదు. ఆపద వస్తే తువ్వాల ఊపాలి, గట్టు మీదివాళ్లకు వినబడేలా అరవాలి. ఎప్పుడు అరవాలి అనేదే అసలు సంగతి.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. మనం ఆరాధన ముగించుకుని ఇళ్లకు చేరిన ఆ మధ్యాహ్నమే గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోల్తా పడింది. నది వరద మీదుంది. పాపికొండలు చూడబోయినవాళ్లూ, సిబ్బందీ కలిపి 77 మంది. బతికి బయటపడింది 26 మందే. దగ్గరలోని గిరిజన గ్రామస్థులు తమ పడవలు వేసుకొచ్చి, తేలుతున్నవాళ్లను లాగారు. పడవ ఒరిగాక పిలవడానికి వ్యవధి ఎక్కడిది?

సముద్రం మీద తిరిగేవాళ్లు ఇది ముందే ఆలోచించి పెట్టుకున్నారు. రేడియోలో వాళ్లకు రెండు పిలుపులున్నాయి. ఒకటి ‘మేడే’. ప్రాణం మీదికొచ్చింది, వెంటనే రండి అని. ఫ్రెంచిలో సాయం చేయండి అనే మాట నుంచి వచ్చిందిది. రెండోది ‘పాన్ పాన్’. మూడుసార్లు అంటారు. ఇంజను ఆగింది, ఇంకా మునగడం లేదు, కానీ మా మీద ఒక కన్నేసి ఉంచండి అని దాని అర్థం. ఇంజను మళ్లీ అందుకుంటే ఆ పిలుపును రద్దు చేసుకోవచ్చు. అందుకు ఎవరూ నవ్వరు.

ఈ రెండో పిలుపు మన ఊళ్లలో లేదు. పత్తి వేసిన అన్నను పలకరిస్తే, “బాగున్నాం అయ్యగారూ, ప్రభువు కృప” అంటాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ నెలనెలా తింటూనే ఉంటుంది. బోరు ఎండిపోయి ఉంటుంది. సుగ్గికని గుంటూరు మిరప చేన్లకు పోయిన భార్య పంపే కూలి డబ్బులు వడ్డీకే సరిపోవు. అయినా నోరు విప్పడు. పరువు. కొందరైతే ఈ మౌనానికి విశ్వాసమని పేరు పెడతారు. నేను ఒప్పుకోను.

గలిలయ సముద్రంలో తుఫాను రేగినప్పుడు దోనెలో ఉన్నవాళ్లలో చేపలు పట్టి బతికినవాళ్లున్నారు. ఆ నీళ్లు వాళ్లకు కొత్త కాదు. నిద్రపోతున్న ప్రభువు వడ్రంగి పని ఎరిగినవాడు. అయినా మాకు చేతకావడం లేదని ఆయనను లేపడానికి వాళ్లు సిగ్గుపడలేదు. మత్తయి 14లో పేతురు సంగతీ చూడండి. మునగడం మొదలవగానే అరిచాడు. నీళ్లు నోట్లోకి వచ్చేదాకా ఆగలేదు. అల్పవిశ్వాసమని ప్రభువు మందలించిన మాట నిజమే, అయితే చెయ్యి పట్టుకున్నాకే మందలించాడు. సంఘ పెద్దలం మనం చాలాసార్లు ఈ వరుసను తిరగేస్తాం.

ఇప్పుడు మా బుధవారం కూడికలో ప్రార్థన మనవుల వేళ ఒక మాట అనుకున్నాం. ఎవరైనా లేచి “ఇంజను ఆగింది” అంటే చాలు, అందరిముందూ వివరాలు అడగకూడదు. మొదట్లో ఎవరూ లేవలేదు. మొన్న వెనక వరుసలోంచి ఒక అన్న లేచి, “మునగలేదు అయ్యగారూ, గానీ ఇంజను ఆగింది” అన్నాడు. బ్యాంకు పనులు తెలిసిన తమ్ముడొకడు ఆయనను వరండాలోకి తీసుకుపోయాడు. ముగింపు ప్రార్థన అయ్యి, చాపలు మడతపెట్టేటప్పటికీ వాళ్లిద్దరూ సెల్‌ఫోను వెలుతురులో లెక్కలు వేస్తూనే ఉన్నారు.