అలిపిరి నుంచి బ్రాడ్‌వేకి, ఆర్గాన్ మిషన్ కోసం

పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, మూడున్నర వేల మెట్లెక్కి కొండమీదికి చేరాక, ఎటు పోయినా చేతికి తగిలేది క్యూలైను పైపే. ఎన్నో చేతులు రాసుకుని నున్నబడిన ఆ స్టీలు పైపుల మూలల్ని ఈసారి ఆగి ఆగి చూశాను. కొన్నిచోట్ల వేలితో తడిమినా అతుకు దొరకలేదు. మరికొన్నిచోట్ల బఫింగు కిందనుంచి బుడిపె తెలుస్తూనే ఉంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలనుకున్నాను. అలిపిరి దారిలోని మా ఇంటి మేడమెట్లకు చేతిపట్టు లేదు. అమ్మ మోకాళ్లు నొప్పులతో గోడ పట్టుకుని ఎక్కుతోంది. ఎస్‌ఎస్ పైపుతో ఆ పట్టు నేనే చేయాలని కొండ దిగేలోపే నిశ్చయించుకున్నాను.

మామూలు రాడ్డు వెల్డింగు నాకు కొంత వచ్చు. గేటు గొళ్లెం, నీళ్లడ్రమ్ము స్టాండు లాంటివి చేసుకోగలను. స్టెయిన్‌లెస్ పైపు పలచన. రాడ్డు పెడితే బొక్క పడుతుంది, పెచ్చు కడుతుంది. దానికి టిగ్ వెల్డింగు కావాలి. మన ఊళ్లలో బోర్డుల మీద రాసేది మాత్రం ఆర్గాన్ వెల్డింగ్ అనే. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దుకాణం ముందు కూర్చుని ఆయన పని చూశాను. కుడిచేతిలో టార్చ్, ఎడమచేతిలో సన్నని తీగ. నిప్పురవ్వ ఒక్కటీ లేదు. ‘‘ఇనుము అతికేది నీకు తెలుసు గదా సామీ. దీనికి రెండు చేతులూ కావాల. తొందర పనికిరాదు’’ అన్నాడాయన. నాలుగైదు మిషన్లు ఒకచోట చూడాలంటే మద్రాసు పొమ్మని కూడా చెప్పాడు.

పొద్దున్నే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రేణిగుంట, పుత్తూరు దాటి తిరుత్తణి వచ్చేసరికి మాటల్లో అరవం కలిసింది. దారిపొడుగునా నా ఆలోచన ఈ విద్య పుట్టుక మీదే. 1940ల మొదట్లో, యుద్ధకాలంలో, అమెరికాలోని నార్త్రాప్ విమానాల కంపెనీలో రస్సెల్ మెరెడిత్ దీన్ని రూపుదిద్దాడు. విమానాలకు వాడే మెగ్నీషియం అతికే వేడిలో గాలి తగిలితే మండిపోయేది. టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ పుట్టించి, చుట్టూ హీలియం వాయువును గొడుగులా పట్టాడాయన. ఆ హీలియానికీ మన తెలుగునేలకూ సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే పరిశీలించాడు. సూర్యకాంతిలో హీలియం జాడ తెలిసిన కథ ఆ గ్రహణంతోనే మొదలవుతుంది. తర్వాత చవకైన ఆర్గాన్ ఆ చోటు తీసుకుంది. మనం పీల్చే గాలిలో అది దాదాపు ఒక శాతం.

సెంట్రల్‌లో దిగి బ్రాడ్‌వే వైపు నడిచాను. ఆ రోడ్డుకు ఇప్పుడున్న పేరు ప్రకాశం సాలై, మన టంగుటూరి ప్రకాశం గారి పేరు. పక్క సందుల్లో వాల్వులు, పైపులు, కటింగ్ చక్రాలు, వెల్డింగ్ సామాన్లు. ఒక దుకాణంలో కౌంటరు దగ్గరున్న అతను నా మాట వినగానే, ‘‘మీది తిరపతేనా? మాది నగిరి’’ అన్నాడు. నేను 250 ఆంపియర్ల మిషన్ల వైపు చూస్తుంటే ఆపేశాడు. ‘‘ఏమి అతకాలనుకుంటా ఉండావో ముందు చెప్పునా, మిషను సంగతి ఆమీట చూస్తాం.’’

ఆ ఒక్క ప్రశ్నతో సగం మిషన్లు పక్కకు పోయాయి. అల్యూమినియం అతకాలంటే ఏసీ కరెంటు ఇచ్చే మిషన్ తప్పదు. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది కానీ దానిమీది ఆక్సైడు పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. ఆ పొరను చీల్చేది ఏసీయే. అలాంటి మిషన్ల ధర బాగా ఎక్కువ. నాకు కావలసింది స్టెయిన్‌లెస్, ఇనుము. వాటికి డీసీ చాలు. మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు లెక్క. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల పైపుకు 60 నుంచి 80. కాబట్టి మిషన్ పైన ఎంత ఎక్కుతుందన్నదానికన్నా, కింద 10, 15 ఆంపియర్ల దగ్గర ఆర్క్ వణక్కుండా నిలుస్తుందా అన్నదే చూడాలి. అతను రేకుముక్క మీద పెట్టి చూపించాడు, నిలిచింది.

మిగతావి కూడా అతనే ఒక్కొక్కటిగా చెప్పాడు. హెచ్‌ఎఫ్ స్టార్ట్ ఉంటే మొన రేకుకు తగలకుండానే ఆర్క్ అంటుకుంటుంది. డౌన్ స్లోప్ ఉంటే చివర్లో కరెంటు మెల్లగా తగ్గి గుంట పడదు. పోస్ట్ ఫ్లో అంటే ఆర్క్ ఆరాక కూడా కొన్ని సెకన్లు గ్యాసు రావడం, వేడి మొనను, అతుకును అది కాపాడుతుంది. డ్యూటీ సైకిల్ 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాల పని. ఆ లెక్క సాధారణంగా 40 డిగ్రీల వేడి వరకే. మన మే నెల అది దాటుతుంది కాబట్టి కొంత మిగులు ఉంచుకోవాలి. చివరికి 200 ఆంపియర్ల డీసీ మిషన్ తీసుకున్నాను. 80 ఆంపియర్ల దగ్గర ఆర్క్ వోల్టేజీ 13 చుట్టూ ఉంటుంది, అంటే ఒక కిలోవాటు పైచిలుకు. ఇంట్లో మంచి ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి సరిపోతుంది.

ఎర్రమొన టంగ్‌స్టన్‌లో థోరియం ఉంటుంది. అది కొద్దిగా రేడియోధార్మికం, సానపట్టినప్పుడు ధూళి లోపలికి పోతుంది. అందుకని లాంథనం కలిపినవి 1.6 మిల్లీమీటర్లవి కొన్నాను. 304 గ్రేడు పైపుకు 308ఎల్ ఫిల్లర్ తీగ, దానంతటదే నల్లబడే హెల్మెట్, పలచని తోలు గ్లవుసులు. సాయంత్రం రైల్లో మిషన్ పెట్టె ఒళ్లో పెట్టుకున్నంత భద్రంగా వచ్చింది. గ్యాసు సిలిండర్లు రైలెక్కనివ్వరు. నీలం రంగు ఆర్గాన్ సిలిండరు రేణిగుంట రోడ్డులో అద్దెకు తీసుకున్నాను. 7 ఘనపు మీటర్ల సిలిండరు నిమిషానికి 8 లీటర్ల చొప్పున దాదాపు పద్నాలుగున్నర గంటల ఆర్క్‌కు వస్తుంది.

ఇంట్లో పని మొదలుపెట్టింది కారు షెడ్డులో. సిలిండరును గోడకు గొలుసుతో కట్టాను. ఆర్గాన్ గాలికన్నా బరువు. మూసిన గదిలో కింద పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. అందుకే షెడ్డు తలుపు తీసే ఉంచాలి. అయితే సాయంత్రం శేషాచలం వైపు నుంచి గాలి దిగుతుంది. ఆ గాలికి గ్యాసు చెదిరి అతుకు నల్లగా పుళ్లు పడుతుంది. కొండవైపు తార్పాలిన్ కట్టి ఆ గాలిని ఆపాను. వీధిలో పిల్లల కళ్లకు ఆర్క్ పడకుండా అదే అడ్డు.

మొదటి వారాల్లో ఫిల్లర్ తీగ ముట్టుకోలేదు. రెండు మిల్లీమీటర్ల రేకు మీద మెరిసే చుక్కను కరిగించి, ఒకే వెడల్పుతో ముందుకు నడపడమే పని. మొనకూ రేకుకూ మధ్య ఎడం మొన మందమంతే. ముంజేయి బల్లమీద ఆనితే చేయి నిలుస్తుంది. మొన చుక్కలో మునిగితే ఆపి, పొడుగువారగా మళ్లీ సానపట్టాలి. చుక్క మాట వినడం మొదలయ్యాక తీగ పట్టాను. ఎడమచేతి వేళ్లతో దాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ, చుక్క ముందు అంచుకు తాకించి తీయాలి. తీసినా తీగ కొస గ్యాసు నీడ దాటకూడదు.

ఫలితం రంగే చెబుతుంది. లేత బంగారు రంగు వస్తే వేడి సరిపోయింది. నీలానికి తిరిగితే కొంచెం ఎక్కువైంది. బూడిద రంగైతే ఉపరితలం కాలిపోయింది, అక్కడ తుప్పు పడుతుంది. పైపు లోపలివైపు గాలి ఉంటే అటువైపు నల్లగా గరుకు కడుతుంది. రెండు కొసలూ టేపుతో మూసి, సన్నని గొట్టంతో లోపలికీ ఆర్గాన్ పంపాక ఆ గరుకు పోయింది. కొండమీద వేలికి దొరకని ఆ అతుకుల్లో చేతి ఓపిక ఎంతుందో నాకు అప్పుడు బోధపడింది.

చేతిపట్టును ముందు నాలుగు ట్యాకులతో, అంటే చిన్న చుక్క అతుకులతో, నిలబెట్టి, మూలమూలకూ ఆగి చల్లారనిచ్చి అతికాను. అమ్మ ఇప్పుడు గోడ పట్టుకోవడం లేదు. ఐటీఐలో వెల్డరు కోర్సు ఏడాది. ఆ పద్ధతి, ఆ గురువులు దొరికినవాళ్లు దాన్ని వదులుకోవద్దు. ఇంట్లో నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ఏం అతకాలో తేల్చుకుని, తక్కువ ఆంపియర్ల దగ్గర నిలిచే మిషన్ కొనండి. మిగిలిన డబ్బు హెల్మెట్‌కు, గ్యాసుకు, రేకుముక్కలకు పెట్టండి. మా వీధిలో ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకుంటామని వస్తున్నారు. వాళ్ల చేతికి మొదట ఇచ్చేది టార్చ్, ఖాళీ రేకు. తీగ తర్వాత.