చామనఛాయకు ఎన్ని నీళ్లు?

కరీంనగర్, గురువారం

అక్కా,

క్షేమంగా చేరాను. మానేరు డ్యాం, ఎలగందుల కోట సంగతులు తీరిగ్గా చెప్తాను. నువ్వు అడిగింది నేను నేర్చుకుంటున్న ముఖాల బొమ్మల గురించి కదా.

మాకు నేర్పేది రిటైరైన డ్రాయింగ్ సార్. నీటిరంగుల్లో తెల్లరంగు ముట్టనివ్వరు. తెలుపంటే కాగితమే. ముందు బాగా పల్చటి పూత, అది ఆరాక ఇంకాస్త చిక్కన, ఆఖరున ముక్కుపుటాలు, కనుపాపలు. ముక్కు మీది మెరుపు, కింది పెదవి తడి గీసేవి కావు, వదిలేసేవి. తడి మీద తడి పెడితే చెంప గుండ్రంగా తిరుగుతుంది, ఆరినదాని మీద పెడితే అంచు తేలుతుంది. ముఖంలో ఏది ఎక్కడ కావాలో తెలియడమే అసలు విద్య. రంగు ఆరితే వెలిసినట్టవుతుంది, అందుకని తడిగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువైందేమో అనిపించాలి.

మొదట మా ముందు కూర్చున్నది కూరగాయలమ్మే అవ్వ. నా పక్క కుర్రాడు ఏదో పుస్తకంలో చెప్పినట్టు కొంచెం ఎరుపు, కొంచెం పసుపు, బోలెడు నీళ్లు కలిపి వేశాడు. అవ్వ చూసి, "మంచిగనే గీసినవ్ బిడ్డా, గని నేనెప్పుడు గింత తెల్లగున్న?" అంది. సార్ నవ్వలేదు. ఆ పుస్తకాలు వేరే దేశపు చర్మానికి రాసినవనీ, ఇక్కడ బర్న్ట్ సియెన్నాతో మొదలుపెట్టి అల్ట్రామెరీన్‌తో ముదర పెట్టాలనీ చెప్పారు. ఎండలో కూర్చున్న నల్లటి చెంప మీద మెరుపు ఉత్త తెలుపు కాదట, ఆకాశం పడి నీలి జీర ఉంటుందట. చూస్తే నిజమే. అమ్మమ్మ ముఖం అన్నేళ్లు చూశాం, మనకెప్పుడైనా కనపడిందా?

ఇక్కడి ముఖాల గురించి మాట్లాడితే చిత్రకారుడు తోట వైకుంఠం పేరు రాక తప్పదు. 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, చివరికి తన ఊరి ఆడవాళ్ల దగ్గరికే వచ్చారు. నల్లటి ఒళ్లు, పెద్ద బొట్టు, ముదురు రంగు చీర. అవి ఫలానా మనిషి పోలికలు కావు, ఊరి పోలికలు. మనిషి పోలిక పట్టుకోవాలనుకునే కొత్తవాళ్లు ఆయన్ని అనుకరిస్తే దెబ్బతింటారని నా అభిప్రాయం. ఆ నలుపును ఇసుమంతైనా పల్చన చెయ్యని ధైర్యం మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

నిర్మల్, ఆదివారం

అక్కా,

జగిత్యాల మీదుగా వచ్చాను. ఇక్కడ కొయ్యబొమ్మలు పొనికి చెక్కతో చేస్తారు, అతుకులకు చింతగింజల బంక. నన్ను నిలబెట్టింది మాత్రం పలక మీద వేసే చిత్రాలే. నల్లటి నేల పరిచి, దాని మీద బంగారు వన్నె మనుషుల్ని తేలుస్తారు. రంగు చిక్కన కాబట్టి కింద ఏముందో కనపడదు, నచ్చకపోతే మళ్లీ పూయొచ్చు. నీటిరంగు అడుగు పూతను దాచదు. మా పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు! నేర్చుకునేవాళ్లు రెండూ ఒకేసారి మొదలెట్టకపోవడం మేలు.

ఉట్నూరు, బుధవారం

అక్కా,

పుష్యమాసపు చలి అంటే ఏమిటో ఆదిలాబాద్ వచ్చి చూడాలి. పొద్దున వేసిన పూత టీ తాగొచ్చినా ఆరదు. మెల్లగా వేసేవాళ్లకు అదీ ఒకందుకు మంచిదే.

కేస్లాపూర్‌లో నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి, అమావాస్య రాత్రి పూజ చేస్తారు. పూజలో ఉన్నవాళ్ల ముందు బోర్డు పట్టుకుని నిలబడటం మర్యాద కాదనిపించింది. బయట చెట్టుకింద తలపాగా పెద్దాయన్ని బొమ్మకు కూర్చోమని అడిగితే ఒప్పుకున్నాడు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940ల్లో ఇక్కడి మార్లవాయిలో ఉండి తీసిన గోండుల నలుపు-తెలుపు ఫొటోలు వెలుగునీడలకు మంచి పాఠం. రంగు మాత్రం మనిషి ఎదురుగా ఉంటేనే దొరుకుతుంది.

నాకో పని చేసిపెట్టు. దామెర్ల రామారావు గ్యాలరీ మన రాజమండ్రిలోనే ఉంది కదా, వెళ్లి ఆయన నీటిరంగుల్లో ఒంటి నీడలకు ఏం రంగు వాడాడో దగ్గరగా చూసి రాయి. నాన్నకి కూడా చెప్పు, నేను వచ్చేదాకా గడ్డం గీసుకోవద్దని. కిటికీ పక్కన అరగంట కూర్చోవాలి. పేపరు చదువుకోవచ్చు, తల మాత్రం దించకూడదు.