మౌలాలి షెడ్డులో గాలి లెక్క

రేకు గుండ్రంగా చుట్టి, కిందివైపు గరాటులా సన్నగా దించిన ఒక పెద్ద డబ్బా. పక్కనుంచి ఒక గొట్టం లోపలికి వస్తుంది, పైన నడిమధ్య నుంచి ఇంకో గొట్టం బయటికి పోతుంది. లోపల చక్రం లేదు, జల్లెడ లేదు, మోటారు లేదు. దుమ్ముతో కలిసిన గాలి గోడను ఒరుసుకుంటూ దూసుకొచ్చి గిర్రున తిరుగుతుంది. బరువైన దుమ్ము గోడవారగా కిందికి జారుతుంది, తేలికపడ్డ గాలి మధ్యలోంచి పైకి లేచిపోతుంది. దీని పేరు సైక్లోన్. రైస్ మిల్లుల్లో, పిండి మరల్లో, మందుల ఫ్యాక్టరీల్లో దుమ్ము పట్టడానికి పెడతారు.

"చేట లేని చెరుగుడు సార్ ఇది" అన్నారు, మౌలాలి పారిశ్రామికవాడలో వీటిని తయారుచేసే చిన్న షెడ్డు యజమాని. తన పేరూ షెడ్డు పేరూ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. రేకు కోయకముందే లోపల గాలి ఎట్లా తిరుగుతుందో అక్కడ కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసుకుంటున్నారని, అది కూడా లైసెన్సు రుసుము లేని ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేస్తున్నారని విని వెళ్లాను. విమానాల రెక్కలకూ రాకెట్ల ముక్కులకూ చేసే లెక్క ఇది. దాన్ని వెల్డింగ్ షెడ్డులో చూడాలనిపించింది.

హబ్సిగూడ నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా ఇటువైపు వస్తే దారంతా పెద్ద సంస్థలే. ఉప్పల్ రోడ్డులో 1961 నాటి భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఇటు 1967లో పెట్టిన ఈసీఐఎల్, 1971లో వచ్చిన అణు ఇంధన సముదాయం ఎన్‌ఎఫ్‌సీ. మౌలాలిలో రైల్వే లోకో షెడ్డు, శిక్షణ కేంద్రం. అన్నిటికీ పైన గుట్ట మీద దర్గా. ఈ పెద్ద గోడల సందుల్లోనే వందల చిన్న షెడ్లు బతుకుతున్నాయి. వాటి గురించి రాసేవాళ్లు తక్కువ. ఈ ప్రాంతపు చేతి నైపుణ్యమంతా వాటిలోనే ఉందని నా నమ్మకం.

షెడ్డులో ఒక మూల రేకు చుట్టే రోలింగ్ మిషన్, ఇంకో మూల ఆర్గాన్ వెల్డింగ్. వెనక ప్లైవుడ్ గోడల చిన్న కేబిన్. అందులో యజమాని కూతురు కూర్చుంటుంది. దగ్గర్లోని కాలేజీలోనే మెకానికల్ బీటెక్ చేసింది. ముందున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న వర్క్‌స్టేషన్, దాంట్లో ఉబుంటు. అక్కడ పని నేర్పే పెద్దమేస్త్రిని ఆమె చాచా అంటుంది, ఆయన బేటీ అంటాడు. యజమాని మాత్రం పనివేళల్లో కూతుర్ని మేడమ్ అంటారు, "మేడమ్‌ని అడుగుండ్రి" అంటూ నన్ను ఆమెకు అప్పజెప్పేశారు. ఆ మాటలో గర్వం దాగలేదు.

లెక్క ఎలా సాగుతుందో ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. సైక్లోన్ లోపలి ఖాళీని లక్షల చిన్న గళ్లుగా కోస్తారు. దాన్ని మెష్ అంటారు. ఒక్కో గడిలోకి ఎంత గాలి వచ్చింది, ఎంత పోయింది, ఏ ఒత్తిడి దాన్ని నెట్టింది అని పక్క గళ్లతో సరిచూస్తూ పోతారు. సూత్రాలు పాతవే, 19వ శతాబ్దంలో నావియె, స్టోక్స్ రాసినవి. వాటిని చేత్తో పూర్తిగా సాధించలేం కనుక యంత్రం చేత అంచెలంచెలుగా దగ్గరికి తెప్పిస్తారు. ఒత్తిడినీ వేగాన్నీ ఒకదానితో ఒకటి సర్దుబాటు చేసే సింపుల్ అనే పద్ధతిని 1972లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి ప్రచురించిన ఇద్దరిలో ఒకరు బ్రయన్ స్పాల్డింగ్, రెండో ఆయన మన దేశం నుంచి వెళ్లిన సుహాస్ పతాంకర్. ఓపెన్‌ఫోమ్‌లో ఎక్కువగా వాడే సింపుల్‌ఫోమ్ అనే ప్రోగ్రామ్ పేరులో ఆ పద్ధతే ఉంది.

ఓపెన్‌ఫోమ్‌లో బొత్తాలు నొక్కే తెర ఉండదు. మూడు ఫోల్డర్లు ఉంటాయి, వాటి నిండా మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఆమె తన నోటుబుక్కు చూపించింది. "సున్నా: మొదట్లో గాలి ఎట్లుంది. కాన్‌స్టంట్: మారనివి, మెష్ కూడా ఇందులోనే. సిస్టమ్: లెక్క ఎట్ల చేయాలె, ఎప్పుడు ఆపాలె" అని తెలుగులో రాసుకుంది. పేజీల కొద్దీ అట్లాగే. ఆ నోటుబుక్కు అచ్చు వేయదగ్గది.

కరెంటు పోతే ఏమవుతుందని అడిగాను. రాత్రంతా నడిచే లెక్క కదా. "ఎక్కడిదాక వచ్చిందో అక్కడికి ఫోల్డర్ రాసి పెట్టుకుంటది సార్. కంట్రోల్‌డిక్ట్ ఫైల్‌ల లేటెస్ట్‌టైమ్ అని పెడితే మళ్లీ ఆడికెల్లే ఎత్తుకుంటది" అంది.

ఈ సాఫ్ట్‌వేర్ పుట్టుక కూడా ఇంపీరియల్ కాలేజీలోనే. 1980ల చివర హెన్రీ వెల్లర్ దీన్ని ఫోమ్ అనే పేరుతో మొదలుపెట్టాడు. ఈ రంగమంతా ఫోర్ట్రాన్‌లో రాస్తున్న కాలంలో సీ ప్లస్ ప్లస్ ఎంచుకున్నాడు. దాంతో సమీకరణం పుస్తకంలో ఎట్లా ఉంటుందో ప్రోగ్రామ్‌లోనూ దాదాపు అట్లాగే కనిపిస్తుంది. హర్వోయె యాసక్ వంటి పరిశోధక విద్యార్థులు దాన్ని పెంచారు. కొన్నేళ్లు డబ్బుకు అమ్మారు. 2004 డిసెంబరులో జీపీఎల్ లైసెన్సు కింద మూల కోడ్‌తో సహా లోకానికి వదిలేశారు. ఇరవై ఏళ్ల తర్వాత అది మౌలాలిలో ఒక ప్లైవుడ్ కేబిన్‌లో సైక్లోన్ లెక్క చేస్తోంది.

నేను చూడాలనుకున్న అసలు సంగతి షెడ్డు బయట ఉంది. కొత్తగా చేసిన సైక్లోన్‌ను బ్లోయర్‌కు తగిలించి పరీక్షకు నిలబెట్టారు. లోపలికి వచ్చే గొట్టానికీ బయటికి పోయే గొట్టానికీ చిన్న రంధ్రాలు వేసి, యూ ఆకారపు ప్లాస్టిక్ ట్యూబు బిగించారు. ట్యూబులో రంగునీళ్లు. బ్లోయర్ ఆన్ చేయగానే ఒక పక్క నీళ్లు దిగి, ఇంకో పక్క లేచాయి. చాచా స్కేలు పెట్టి తేడా చదివాడు. ఈ తేడాయే సైక్లోన్ మింగే ఒత్తిడి. అది పెరిగినకొద్దీ మిల్లువాడి కరెంటు బిల్లు పెరుగుతుంది. తగ్గించబోతే దుమ్ము పట్టడం తగ్గవచ్చు. ఈ రెంటి మధ్య సరైన కొలత దొరికించుకోవడమే ఈ వృత్తిలో విద్య.

ఆమె మొదటిసారి లెక్క చేసినప్పుడు తెర మీద ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో సుడి ఎంతో అందంగా వచ్చిందట. బయట నీళ్లు మాత్రం ఆ లెక్క చెప్పినదానికన్నా బాగా ఎక్కువ లేచాయి. ముందు యూనిట్లు చూసుకుంది. కొత్తవాళ్లు బోల్తా పడే చోటు అదే. గాలి సాంద్రత మారదనుకునే ప్రోగ్రాముల్లో ఓపెన్‌ఫోమ్ ఒత్తిడిని సాంద్రతతో భాగించి చూపిస్తుంది. దాన్ని మళ్లీ 1.2తో గుణిస్తేనే పాస్కల్స్ వస్తాయి. 9.8 పాస్కల్స్‌కు ఒక మిల్లీమీటరు నీళ్లు. అదంతా సరిగ్గానే ఉంది. మెష్ ఇంకా సన్నగా కోసి చూసింది. అయినా తేడా పోలేదు.

అప్పుడామె చేసిన పని నాకు ఈ పర్యటన మొత్తంలో ఎక్కువ నచ్చింది. సాఫ్ట్‌వేర్ లోపలికి వెళ్లి, అల్లకల్లోల ప్రవాహాన్ని లెక్కగట్టే కె-ఎప్సిలాన్ నమూనా ఫైల్ తెరిచింది. నాకూ తెరిచి చూపించింది. అందులో 0.09, 1.44, 1.92 అని అంకెలు కనబడ్డాయి. 1974లో లాండర్, స్పాల్డింగ్ వ్యాసంతో స్థిరపడిన స్థిరాంకాలు అవి. సాదా ప్రవాహాలతో సరిపోల్చి తేల్చినవి. అన్ని దిక్కులా అల్లకల్లోలం ఒకేలా ఉంటుందనే ఊహ మీద ఆ నమూనా నిలబడింది. సైక్లోన్‌లో గాలి బలంగా తిరుగుతుంది, అక్కడ ఆ ఊహ చెల్లదు. కారణం దొరికింది. దిక్కు దిక్కుకూ విడిగా లెక్కగట్టే రేనాల్డ్స్ స్ట్రెస్ నమూనాలు అదే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. 1975లో లాండర్, రీస్, రోడి చేసింది వాటిలో ఒకటి. అక్కడ రెండు అదనపు సమీకరణాల బదులు ఏడు. లెక్క చాలా నెమ్మదైంది, పదేపదే తెగిపోయింది, కుదుట పడేదాకా వదల్లేదు. చివరికి వచ్చిన అంకె రంగునీళ్లకు బాగా దగ్గరికి చేరింది.

పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయమే ఇది, కొత్త ఆవిష్కరణ కాదు. డబ్బు పెట్టి కొనే మంచి సాఫ్ట్‌వేర్లలోనూ ఈ నమూనాలు ఉంటాయి. కానీ వాటి ఏడాది లైసెన్సు లక్షల్లో ఉంటుంది, ఎక్కువ ప్రాసెసర్లు వాడుకోవాలంటే మళ్లీ కట్టాలి. పైగా లోపల సూత్రాన్ని ఎలా రాశారో తెరిచి చూడడానికి వీలుండదు. ఇరవై రెండేళ్ల అమ్మాయి తప్పు లెక్క ముందు కూర్చుని, "ఎందుకు తప్పింది?" అని అడిగి, కోడ్ వరకూ వెళ్లి జవాబు తెచ్చుకోగలిగింది. ఉచితం కావడం కన్నా ఇది పెద్ద సంగతి అని నేననుకుంటున్నాను.

యజమానికి మొదట ఒక భయం ఉండేదట. "అందరిది అంటున్నరు గద, మరి నా డ్రాయింగులు గూడ అందరికి ఇయ్యాల్నా?" అని కూతుర్ని నిలదీశారట. చాలామంది చిన్న పరిశ్రమల వాళ్లకు ఉండే అనుమానమే ఇది. జవాబు స్పష్టంగా చెప్పాలి. జీపీఎల్ షరతు ప్రోగ్రామ్‌కు సంబంధించింది. ప్రోగ్రామ్‌ను మార్చి ఇంకొకరికి ఇస్తే మార్చిన కోడ్ కూడా వాళ్లకివ్వాలి. మీ డ్రాయింగ్, మీ మెష్, మీ ఫలితాలు మీవే. షెడ్డు దాటించనవసరం లేదు.

చిక్కులు లేవని చెప్పను. ఓపెన్‌ఫోమ్ పేరుతో ఇప్పుడు రెండు ప్రధాన శాఖలున్నాయి. ఒకటి ఓపెన్‌ఫోమ్ ఫౌండేషన్‌ది, దాని సంచికలకు 11, 12 అని అంకెలు. రెండోది 2012లో ఈఎస్‌ఐ సంస్థ చేతికి వెళ్లిన ఓపెన్‌సీఎఫ్‌డీది, ఏడాదికి రెండుసార్లు వస్తుంది, 2312, 2406 అని ఏడాదీ నెలా కలిపిన అంకెలు. ఇవి కాక ఫోమ్-ఎక్స్‌టెండ్ వేరే. ఫౌండేషన్ 11వ సంచికలో సింపుల్‌ఫోమ్‌ను వేరే ఏర్పాటు కిందికి మార్చేసింది. పాత పాఠాలు కొత్త సంచికకు ఉన్నదున్నట్టు సరిపోవు. నేర్చుకునేవాళ్లు ఇక్కడే విసిగి వదిలేస్తారు. పెంచినవాళ్ల మధ్య విభేదాల భారం కొత్తవాళ్ల మీద పడడం నాకు బాధనిపించింది.

కొత్తవాళ్లకు ఈ కష్టం తగ్గించే పని మన దేశంలో గట్టిగా చేస్తున్నది ఐఐటీ బాంబే నడిపే ఫోసీ ప్రాజెక్టు. ఓపెన్‌ఫోమ్ మీద వీడియో పాఠాలు పెట్టింది. విద్యార్థులు చేసిన లెక్కలను పరిశీలించి, అందరూ వాడుకునేలా బయట పెడుతోంది. ఈ అమ్మాయి మొదటి పాఠాలు అక్కడివే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పని చేస్తోంది. ఇంజినీరింగ్ లెక్కల వైపు ఆ ఉద్యమం ఇంకా ఎంతో రావలసి ఉంది.

పెద్ద సంస్థలు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను నమ్మవనుకోవద్దు. ఫ్రాన్స్ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ తన ప్రవాహ గణన ప్రోగ్రామ్ కోడ్-సాటర్న్‌ను 2007లో జీపీఎల్ కింద బయట పెట్టింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఓన్‌కోర్ పేరుతో రియాక్టర్ల కోసం ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములను ఒకచోట చేరుస్తోంది, వాటిలో ఓపెన్‌ఫోమ్ మీద కట్టినవీ ఉన్నాయి. ఈ షెడ్డుకు దగ్గర్లోనే ఎన్‌ఎఫ్‌సీలో 220 మెగావాట్ల రియాక్టర్లకు 19 కడ్డీల ఇంధన కట్టలు, అంతకన్నా పెద్ద భారజల రియాక్టర్లకు 37 కడ్డీల కట్టలు తయారవుతాయి. ఒక్కో కట్ట పొడవు దాదాపు అర మీటరు. ఆ కడ్డీల మధ్య సన్నని సందుల్లో భారజలం ఎలా పారుతుంది, వేడిని ఎలా మోసుకుపోతుంది అన్నదీ ఇదే శాస్త్రం. సైక్లోన్‌లో తిరిగే గాలికీ, రియాక్టర్‌లో పారే భారజలానికీ సమీకరణాలు ఒక్కటే.

నేను బయల్దేరేముందు చాచాను అడిగాను, ఈ లెక్కలతో మీకేమైనా లాభముందా అని. "మొదట నమ్మలే సాబ్. నేను చేత్తో చెప్తా గాలి ఎట్ల తిరుగుతదో. ఇప్పుడు బేటీ చూపిస్తది, నేను తప్పు పడ్తా, మళ్లీ చేస్తది. ఇద్దరం కలిస్తే రేకు పాడైతలేదు" అన్నాడు. లోపలికి వచ్చే గొట్టాన్ని కొంచెం దించితే మేలని ఆయన అన్నాడట, లెక్కలోనూ అదే తేలిందట. అనుభవాన్ని పక్కకు నెట్టే పరికరంగా దీన్ని ఎవరూ చూడనక్కర్లేదని ఆ షెడ్డులో నాకు రూఢి అయింది.

ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఎన్నో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఏటా చివరి సంవత్సరం విద్యార్థులు రెక్క చుట్టూ గాలి, పైపులో నీరు అంటూ పాత ప్రాజెక్టులే తిప్పి రాస్తున్నారు. ఆ అధ్యాపకులకు నా విన్నపం ఇది. పిల్లల్ని మౌలాలి, నాచారం, చర్లపల్లి షెడ్లకు పంపండి. అక్కడ బ్లోయర్లున్నాయి, డక్టులున్నాయి, బట్టీలున్నాయి. రంగునీళ్ల ట్యూబుతో కొలవనివ్వండి, ఓపెన్‌ఫోమ్‌లో లెక్కగట్టనివ్వండి. యజమాని ఒప్పుకున్న మేరకు కొలతనూ లెక్కనూ పక్కపక్కన పెట్టి తెలుగులో రాసి, అందరికీ అందేలా ఉంచండి. సాఫ్ట్‌వేర్ ఇప్పటికే మన చేతిలో ఉంది, దానికి రూపాయి కట్టాల్సిన పని లేదు.