ఒక్క రోజు అడగలేక

రిలీజ్‌కి రెండు రోజులే ఉంది. టీమ్‌లో ఫ్రెండ్ ఒక స్ట్రిప్ చేతిలో పెట్టాడు. "వేసుకోరా, నిద్ర రాదు."

మోడాఫినిల్. పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ లాంటి జబ్బులకి డాక్టర్లు రాసే మందు. నాకా జబ్బు లేదు, మందుల చీటీ అసలే లేదు.

సాయంత్రం ఒకటి వేసుకున్నా. తెల్లారేదాకా కన్ను మూతపడలేదు. ఒకటే గుండె దడ. ఒంట్లో అది సగానికి తగ్గడానికే 12 నుంచి 15 గంటలు పడుతుందని తర్వాత చదివా. పొద్దున చూస్తే, రాత్రంతా నేను తిరగరాసింది ఎవరూ అడగని ఫంక్షన్‌ని! అసలు బగ్ అలాగే ఉంది.

మేనేజర్‌ని ఇంకో రోజు అడిగా. ఇచ్చాడు. ఆ రాత్రి హాయిగా పడుకున్నా. లేచాక బగ్ అరగంటలో దొరికింది.

ఆ ఒక్క మాట అడగడానికి మొహమాటపడే కదా మాత్ర మింగింది! స్ట్రిప్ ఫ్రెండ్‌కి తిరిగిచ్చేశా. వాడు మాత్రం ఇంకా మింగుతూనే ఉన్నాడు.