నాంపల్లి పేరూ, మూడు తిరగవేతలూ

ఊరి పేరుకు అర్థం చెప్పడం తెలుగువారికి మహా ఇష్టమైన విద్య. తెలుగు వికీపీడియాలో ఊళ్ళ వ్యాసాలు చదివేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నాంపల్లినే తీసుకోండి. కుతుబ్‌షాహీల కొలువులోని నేక్‌నామ్ ఖాన్ పేరు మీదుగా వచ్చిందని కొందరంటారు. పారశీకంలో 'నమ్' అంటే తడి, కనుక ఇది తడినేల పల్లె అని మరికొందరు. ఏది నిజమో తేల్చడం వికీపీడియా పని కాదు. ఎవరు ఎక్కడ అలా రాశారో చూపి, రెండు వాదాలనూ పక్కపక్కన నిలబెట్టడమే దాని పని. తటస్థ దృక్కోణమంటే అదే. వినడానికి సులువుగానే ఉంటుంది.

పక్కనున్న ఆబిడ్స్‌కు వ్యుత్పత్తి తగవు లేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియను పెట్టిన దుకాణం పేరది. అయితేనేం, అబిడ్సా, ఆబిడ్సా, ఆబిద్సా అని కొట్టుకోవడానికి మనకు అచ్చుల కొరత లేదు కదా!

ఇలాంటి కొట్లాటలకు మందుగా పుట్టినది మూడు తిరగవేతల నియమం. 24 గంటలలో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఎదుటివారి మార్పులను రద్దు చేయరాదు. మీరితే కొంతకాలం నిరోధం. బూతులు రాసి పోయేవాడి రాతలు ఎన్నిసార్లు చెరిపినా తప్పు లేదు, అది వేరు. ఈ నియమంలో నాకు నచ్చినదేమంటే, ఎవరిది ఒప్పు అని అది అడగదు. ముందు చేతులు దించండి, తరువాత చర్చ పేజీకి రండి అంటుంది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. పుట్టి పెరిగింది నాంపల్లిలోనే. తమ పేటను గురించి తండ్రిగారు చెప్పిన ముచ్చట్లు కొన్ని వ్యాసంలో చేర్చారు. మూలం లేదని ఎవరో తొలగించారు. ఈయన మళ్ళీ పెట్టారు, వారు మళ్ళీ తీశారు. అలా నాలుగుసార్లు. ఒకరోజు నిరోధం పడింది.

"మూలమేమిటని అడుగుతాడేమిటోయ్! మా నాన్నే మూలం," అన్నారాయన నాతో.

నియమం ప్రకారం నిరోధం సబబే. కానీ ఆయన మాటను నేను నవ్వి తోసిపుచ్చలేకపోయాను. వీధివీధికీ అచ్చయిన చరిత్ర ఉన్న దేశాలలో 'మూలం చూపు' అన్న షరతు బరువనిపించదు. మన పేటల చరిత్ర చాలామటుకు ఇలాంటి ముసలివారి నోళ్ళలోనే ఉంది. అలాగని నోటిమాటను అనుమతిస్తే నేక్‌నామ్ ఖాన్ పక్కన మరో పదిమంది ఖానులు వచ్చి కూర్చుంటారు. పైగా తగవులో ఉన్న నిర్వాహకుడే శిక్ష వేయరాదన్నది మర్యాద. రాసేవారు కొద్దిమందే ఉన్న తెవికీలో తగవుతో సంబంధం లేని నిర్వాహకుడిని వెతకడమూ కష్టమే.

2010ల దశకంలో తెవికీ సభ్యుల సమావేశాలు ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్‌లో జరిగేవి. సరోజినీ నాయుడి కుటుంబపు ఇల్లది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట నడిచింది అక్కడే. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నవారు మరునాడు ఒకరి దిద్దుబాటును మరొకరు 'దుశ్చర్య' అనడానికి కాస్త జంకుతారు. ఏ నియమమూ చేయలేని పని అది.

అన్నట్టు, నాంపల్లిలో 1985లో పుట్టిన పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. ఆ మార్పుకు కాస్త ముందే పట్టా పుచ్చుకున్న పండితుడి వ్యాసంలో ఏ పేరుండాలి? ఆనాటి పేరే ఉండాలని నా అభిప్రాయం. ఒప్పుకోనివారు ఉంటారు. వారితో తిరగవేతల పోటీకి మాత్రం దిగను.

ఇక మా పెద్దాయన. వ్యాసంలో కాక చర్చ పేజీలో రాయమన్నాను. అయిష్టంగానే, తండ్రిగారి ముచ్చట్లన్నీ పెద్ద పేరాగా రాసి, కింద నాలుగు టిల్డాల సంతకం చేశారు. నిరోధం తొలగి చాలాకాలమైంది, ఆయన మరే వ్యాసంలోనూ చేయి పెట్టలేదు. ఆ పేరా అలాగే ఉంది. ఎవరూ జవాబివ్వలేదు.