అరకు కొండమీద రబ్బరు ఉంగరం

అరకు వెళ్ళివచ్చిన వారు కాఫీ తోటల గురించి చెబుతారు, బొర్రా గుహల గురించి చెబుతారు, వెదురు బొంగులో కాల్చిన కోడిని తలచుకుని లొట్టలు వేస్తారు. నేను మాత్రం ఒక రబ్బరు ఉంగరం గురించి చెప్పవలసి వస్తున్నది. పసిపిల్ల చేతి గాజుకన్న కాస్త చిన్నది. దాని పుణ్యమా అని ఒకే వారంలో రెండుసార్లు అరకు చూశాను.

మొదటిసారి మా మేనల్లుడి మోటారు సైకిలు మీద వెళ్ళాను. సోమవారం ఉదయం వాడి చెల్లెలికి నిశ్చితార్థం. వచ్చే చుట్టాలకు అరకు కాఫీ ఇస్తే బాగుంటుందని శనివారం రాత్రి ఎవరో అన్నారు. ఆ పొడి విశాఖపట్నంలో దొరకదా అని అడిగినవారు లేరు. ఆదివారం తెల్లవారుజామునే ఇద్దరం బయలుదేరాము.

శృంగవరపుకోట దాటేవరకు అది మామూలు ప్రయాణమే. ఆ తరువాత కొండ మొదలవుతుంది. మలుపు తిరిగినకొద్దీ ఎండ మెత్తబడుతుంది. అనంతగిరి ప్రాంతంలో పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. గాలికొండ దగ్గర నిలబడితే ఆ పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. సుమారు 115 కిలోమీటర్ల దారి సరదాగానే గడిచింది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది?

కాఫీ పొడి కొన్నాము, భోజనం చేశాము. బండి తీయబోతూ మావాడు ముందు బ్రేకు పిడి నొక్కాడు. అది మెత్తగా వెళ్ళి హేండిలుకు ఆనింది. వంగి చూస్తే చక్రం మీద తడి చార, ఆ చార పొడుగునా రంగు పొంగి ఊడిపోతున్నది.

"మళ్ళీ ఆయిలు తగ్గినట్టుంది మామయ్యా. నెలకోసారి పోస్తూనే ఉన్నాను."

ఆ 'మళ్ళీ' అనే మాట నాకు నచ్చలేదు.

రోడ్డు పక్కనే రేకుల షెడ్డులో ఒక పెద్దాయన పనిచేస్తున్నాడు. చక్రాన్ని పట్టిపట్టి చూసి, "ఆయిలు తగ్గితే పోసీడమేనా బాబూ? అది ఎటెల్తందో సూసినారా?" అన్నాడు. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం కొంచెం దిగడం సహజమే. కాని కాలిపరు అడుగున తడి కనబడిందంటే అది అరుగుదల కాదు, కారుడు.

సీలు కిట్టు ఆయన దగ్గర లేదు. "వెనక బ్రేకుతో, రెండో గేరులో మెల్లగా దిగిపోతాము," అన్నాడు మావాడు. వాడి తొందర నాకు తెలుసు. మర్నాడు పీటల పక్కన నిలబడవలసిన అన్నగారు వాడు. నేనూ మేనమామనే. ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది.

పెద్దాయన తాళంచెవి తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "దిగుడులో బరువంతా ముందు సక్రం మీద పడద్ది. వెనకది తేలిపోద్ది. ఇద్దరున్నారు, మంచు పడతాది. బస్సుకెల్లండి."

పరాయివాడి తాళం లాక్కోవడం ఎక్కడి మర్యాద అని మావాడు బస్సులో కూడా గొణుగుతూనే ఉన్నాడు. నేను కిటికీ పక్కన కూర్చుని మలుపులు చూస్తున్నాను. ఎక్కేటప్పుడు అందంగా కనబడిన లోయలే అవి. ఒకచోట లారీ ఎదురొచ్చి మా బస్సు చటుక్కున ఆగింది. మావాడి గొణుగుడు కూడా అక్కడే ఆగింది.

నిశ్చితార్థం చక్కగా జరిగింది. కాఫీ బాగుందన్నారు.

గురువారం కిట్టు, కొత్త ప్యాడ్లు, మూత తీయని బ్రేకు ఆయిలు సీసా పట్టుకుని కిరండూలు వెళ్ళే రైలెక్కాము. ఇనుప ఖనిజం కోసం 1960 దశకంలో వేసిన దారి అది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు. మార్గంలో వచ్చే శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది.

పెద్దాయన మా ఎదుటే కాలిపరు విప్పాడు. గొట్టం ఊడదీయకముందే పిడిని మెల్లమెల్లగా నొక్కించి, ఆ ఒత్తిడితోనే పిస్టనును బయటికి రప్పించాడు. రెండు రబ్బరు ఉంగరాలు కనబడ్డాయి. బయటిది దుమ్మును ఆపుతుంది. లోపలిది పలకగా ఉండి ఆయిలును ఆపుతుంది. దాని పని అంతటితో అయిపోలేదు. బ్రేకు వేసినప్పుడు పిస్టనుతోపాటు కాస్త వంగుతుంది, వదలగానే నిటారై పిస్టనును వెనక్కి లాగుతుంది. లోపల స్ప్రింగేదో ఉంటుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను!

పిస్టను నున్నగానే ఉన్నది. మచ్చలు పడి ఉంటే దానినీ మార్చవలసిందేనట. దోషం గాడిలో ఉన్నది: ఉంగరం వెనుక సున్నంలా తెల్లని పొక్కు కట్టి దానిని ఎత్తిపెట్టింది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకమైతే కొత్తది 230 డిగ్రీల లోపు మరగకూడదని నిబంధన. తేమ పట్టినదానికి ఆ హద్దు 155కు దిగిపోతుంది. ఘాటు దిగుడులో ఆయిలు మరిగి ఆవిరైతే, పిడి నొక్కినా బ్రేకు పడదు. రెండేళ్ళకొకసారైనా పాతది తీసివేయాలంటారు. మావాడు పాతదాని మీదనే కొత్తది పోస్తూ వచ్చాడు.

నేను సాయం చేయబోయి పెట్రోలు గుడ్డ అందించాను. "పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బిపోద్ది బాబూ," అని పక్కకు తోసేశాడు. గాడిని వెదురుపుల్లతో గీకి, కొత్త బ్రేకు ఆయిలుతోనే కడిగాడు. ఇనుప మొన తగిలితే గీత పడుతుందట. ఉంగరాలను అదే ఆయిలులో ముంచి వేళ్ళతోనే కూర్చాడు. తడిసిన పాత ప్యాడ్లను గరుకు కాగితంతో రుద్దుదామని మావాడు అన్నాడు. పెద్దాయన జవాబు చెప్పలేదు, వాటిని చెత్తడబ్బాలో పడేశాడు. గొట్టం బిగించే రాగి వాషర్లు కూడా కొత్తవే.

ఇక గాలి తీయడం. నిపిలుకు తెల్లని సన్నగొట్టం తగిలించాడు. "నొక్కు... పట్టు..." అంటాడు, నిపిలు వదులుచేస్తాడు, బుడగలు పరుగెత్తుతాయి, మళ్ళీ బిగించి, "ఇప్పుడొదులు" అంటాడు. మావాడు అరగంట సేపు బడిపిల్లవాడిలా ఆ మాట విన్నాడు. చివరకు పిడి గట్టిపడింది. దానిని బిగించి పట్టుకోమని, కాలిపరు కింద తెల్లకాగితం పెట్టి, ఆయన మాకు టీ తెప్పించాడు. టీ అయ్యేదాకా కాగితం పొడిగానే ఉన్నది.

డబ్బు పుచ్చుకుని, తాళంచెవితోపాటు ఆ కాగితం కూడా మావాడి చేతిలో పెట్టాడు. "ఆగినకాడల్లా తుడిసి సూడండి."

గాలికొండ దగ్గర మంచు దిగింది. అయినా బండి ఆపి తుడిచి చూశాడు. అనంతగిరిలో చూశాడు, టైడాలో చూశాడు. శృంగవరపుకోటలో, టీ కొట్టు ఎదుట చక్రం పక్కన గొంతుక్కూర్చుని, దీపం వెలుతురులో కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు.

"దుమ్మే మామయ్యా," అన్నాడు.